సర్వర్‌కు కాపలా పెట్టడం, తీయడం

(చిన్న వెబ్‌సైట్ల నిర్వాహకుల సమావేశంలో మాడ్‌సెక్యూరిటీ గురించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మొదట ఒక చిన్న లెక్క తీసుకుందాం. తమ సర్వర్‌లో మాడ్‌సెక్యూరిటీ పెట్టినవారు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. పెట్టాక ఎప్పుడైనా దాన్ని తీసేసినవారు? నలుగురు. ఆ నలుగురిలో, తీసేశాక సర్వర్‌ను పూర్తిగా ఒకసారి రీబూట్ చేసి చూసుకున్నవారు? ఒక్కరు. మిగిలిన ముగ్గురూ ఈ రాత్రి ఇంటికి వెళ్లాక చేయవలసిన పని ఒకటి ఉంది. అదేమిటో కాసేపట్లో చెబుతాను.

కొత్తవారి కోసం ముందు రెండు మాటలు. మామూలు ఫైర్‌వాల్ వచ్చినవాడు ఏ తలుపు దగ్గర నిలబడ్డాడో చూస్తుంది. వెబ్‌సైటుకు వచ్చేవారి కోసం 80వ తలుపు, 443వ తలుపు (వీటినే పోర్టులంటారు) తెరిచి ఉంటాయి కాబట్టి అక్కడికి వచ్చినవారందరినీ లోపలికి పంపుతుంది. వచ్చినవాడి చేతిసంచిలో ఏముందో దానికి అక్కరలేదు. మాడ్‌సెక్యూరిటీ ఆ సంచి విప్పి చూస్తుంది. వెబ్ పేజీలను అందించే అపాచీ అనే సర్వర్ ప్రోగ్రాము లోపలే ఒక మాడ్యూల్‌గా, అంటే జతచేసిన భాగంగా కూర్చుని, మీ వెబ్‌సైటుకు వచ్చే ప్రతి అభ్యర్థననూ, ఫారంలో నింపి పంపిన ప్రతి గడినీ, మీ ప్రోగ్రాము చదవడానికి ముందే తాను చదువుతుంది. డేటాబేసుకు ఇవ్వవలసిన ఆదేశాన్ని పేరు గడిలో దాచి పంపారా, వ్యాఖ్యల పెట్టెలో స్క్రిప్టు ఇరికించారా అని వెతుకుతుంది.

దీన్ని 2002లో ఇవాన్ రిస్టిచ్ రాశారు. ఆ తర్వాత చేతులు మారుతూ ట్రస్ట్‌వేవ్ సంస్థ దగ్గర చాలా ఏళ్లు ఉండి, 2024 జనవరిలో వెబ్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ సంరక్షణలోకి వచ్చింది. మాడ్‌సెక్యూరిటీ ఒక యంత్రం మాత్రమే. ఏది చెడ్డదో దానికి చెప్పే నియమావళి వేరుగా ఉంటుంది. దాని పేరు కోర్ రూల్ సెట్, అదీ ఓవాస్ప్ ప్రాజెక్టే. ఈ రెండూ రెండు వేర్వేరు ప్యాకేజీలని గుర్తుంచుకోండి. తీసేటప్పుడు ఈ సంగతి అవసరమవుతుంది.

ఇక కమాండ్లు టైపు చేసే టెర్మినల్ దగ్గరికి వద్దాం. ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ సర్వర్లలో అపాచీకి సంబంధించినంత వరకే ఈ రోజు చెబుతాను. కమాండ్ల అక్షరాలు తెర మీద కనిపిస్తాయి. నేను పలుకుతూ వెళతాను.

ముందు ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’. సుడో అంటే నిర్వాహకుడి అధికారంతో చేయమని, ఆప్ట్ అంటే ప్యాకేజీలను పెట్టి తీసే ప్రోగ్రాము. తర్వాత ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌అపాచీ2-మాడ్-సెక్యూరిటీ2’. చివర ఆ ‘2’ మరవకండి. ఇది నియమావళి ప్యాకేజీని కూడా సిఫారసుగా వెంట తెచ్చుకుంటుంది. మాడ్యూల్ తనంతట తానే అపాచీకి జతపడుతుంది. ఇంతవరకు రెండు నిమిషాల పని. చాలామంది ఇక్కడే ఆగిపోయి, కాపలా పెట్టేశామని నిద్రపోతారు.

నిజానికి కాపలావాడు వచ్చాడు కానీ అతని చేతికి ఇంకా ఏ ఉత్తర్వూ అందలేదు. సెట్టింగులుండే ఈటీసీ డైరెక్టరీ కింద మాడ్‌సెక్యూరిటీ అనే డైరెక్టరీ తెరిచి చూడండి. అక్కడ ‘మాడ్‌సెక్యూరిటీ డాట్ కాన్ఫ్ హైఫన్ రికమెండెడ్’ అనే ఫైలు ఉంటుంది. ఈ డైరెక్టరీలో పేరు ‘డాట్ కాన్ఫ్’తో ముగిసే ఫైళ్లను మాత్రమే అపాచీ చదువుతుంది. ఈ పేరు ‘రికమెండెడ్’తో ముగుస్తోంది కాబట్టి దాన్ని పట్టించుకోదు. మీరే దానికి ఒక నకలు తీసి, నకలు పేరు ‘మాడ్‌సెక్యూరిటీ డాట్ కాన్ఫ్’ అని పెట్టాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం, ఎందుకంటే ఇక్కడ జారిపడినవారిని చాలామందిని చూశాను. ఫైలులో మార్పులు చేసే ముందు పాతది ఒకటి దాచుకోవడం మంచి అలవాటు. అయితే దాన్ని అదే డైరెక్టరీలో ‘మాడ్‌సెక్యూరిటీ-పాతది డాట్ కాన్ఫ్’ అని దాచారనుకోండి. దాని పేరు కూడా డాట్ కాన్ఫ్‌తోనే ముగుస్తుంది. అపాచీ రెండింటినీ చదువుతుంది. రెండింటిలోనూ ఒకే సంఖ్య గల నియమాలు ఉంటాయి. ‘ఇదే సంఖ్యతో మరో నియమం కనిపించింది’ అని చెప్పి అపాచీ లేవడం మానేస్తుంది. పాత నకలును మీ హోమ్ డైరెక్టరీలో దాచుకోండి, లేదా పేరు చివర, ‘డాట్ కాన్ఫ్’ తర్వాత, తేదీ తగిలించండి.

ఆ ఫైలు తెరిస్తే పైభాగంలోనే ‘సెక్‌రూల్‌ఇంజిన్ డిటెక్షన్‌ఓన్లీ’ అనే పంక్తి కనిపిస్తుంది. అంటే చూడు, రాసుకో, ఆపవద్దు అని అర్థం. దీన్ని ‘ఆన్’ చేస్తేనే అడ్డుకోవడం మొదలవుతుంది. నా సలహా ఏమిటంటే, కనీసం రెండు వారాలు దాన్ని అలాగే వదిలేయండి. మీ వెబ్‌సైటు ఏడాదిలో ఏ రోజు రద్దీగా ఉంటుందో ఆ రోజు కూడా అందులో కలిసేటట్టు చూసుకోగలిగితే మరీ మంచిది. కాపలావాడికి మీ ఇంటికి రోజూ వచ్చే పాలవాడెవరో, పేపరు అబ్బాయెవరో తెలియాలి కదా.

మార్పు చేశాక ‘సుడో అపాచీ2సీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్’ కొట్టండి. ‘సింటాక్స్ ఓకే’ అని వస్తేనే ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ అపాచీ2’. ఈ వరుస ఎప్పుడూ మార్చకండి. రీస్టార్ట్ అంటే ముందు ఆపడం, తర్వాత లేపడం. కాన్ఫిగరేషన్‌లో తప్పుంటే ఆగడం జరుగుతుంది, లేవడం జరగదు.

‘ఆన్’ చేసిన రోజున పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి, టెర్మినల్ నుంచే వెబ్ పేజీని అడిగే కర్ల్ అనే కమాండు చాలు. మీ సైటు చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి, ఏదో ఒక గడి పేరుకు విలువగా సర్వర్ పాస్‌వర్డ్ ఫైలు దారిని ఇచ్చి అడగండి. 403 అని తిప్పికొడితే కాపలా మేలుకుని ఉన్నట్టు. ఈ పరీక్ష మీ సొంత సర్వర్ మీద మాత్రమే చేయాలి. ఆ కర్ల్ పంక్తిని ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. చివర్లో మళ్లీ కావాలి.

ఇప్పుడు తెలుగు సైట్లు నడిపేవారికి ప్రత్యేకించి చెప్పవలసిన మాట. ఇది నేను ఇంగ్లీషు పాఠాల్లో ఎక్కడా చదవలేదు, అనుభవం మీద నేర్చుకున్నాను.

కొన్నేళ్ల క్రితం నేను ఒక చిన్న తెలుగు పత్రిక వెబ్‌సైటు చూసుకునేవాణ్ణి. కాపలాను ‘ఆన్’ చేసిన వారానికి సంపాదకులు ఫోను చేశారు. “బాబూ, కవితలు ఎక్కుతున్నాయి, కథలు ఎక్కడం లేదు” అన్నారు. ఆయన సాంకేతిక విషయాలు తెలిసినవారు కారు, కానీ ఎంత కచ్చితంగా చూశారో గమనించండి. పొట్టి రచనలు వెళుతున్నాయి, పొడుగు రచనలు వెళ్లడం లేదు. తెర మీద 413 అని వస్తోంది. అంటే పంపినది మరీ పెద్దదిగా ఉందని.

సిఫారసు ఫైలులో ‘సెక్‌రిక్వెస్ట్‌బాడీనోఫైల్స్‌లిమిట్’ అనే పంక్తి ఉంటుంది. దాని విలువ 1,31,072 బైట్లు. జత చేసిన ఫైళ్లు కాక, ఫారంలో టైపు చేసి పంపిన పాఠానికి అది హద్దు. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఒక బైటు కాబట్టి ఆ హద్దులో ఒక చిన్న నవలే పడుతుంది. తెలుగు సంగతి చూద్దాం. ‘తెలుగు’ అనే మాట తీసుకోండి. మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఆరు సంకేతాలు. ఒక్కో సంకేతానికి మూడు బైట్లు, అంటే 18. మామూలు వెబ్ ఫారం ఆ బైట్లను అలాగే పంపదు. ఒక్కో బైటునూ శాతం గుర్తు, దాని వెనుక రెండు అక్షరాలుగా మార్చి పంపుతుంది. 18 కాస్తా 54 అవుతుంది. మూడక్షరాల మాట 54 బైట్ల బరువుతో సర్వర్ గుమ్మం దగ్గరికి వస్తోందన్నమాట.

ఆ లెక్కన 1,31,072ను తొమ్మిదితో భాగించండి. సుమారు 14,500 సంకేతాలు. తెలుగు మాటల్లో చెప్పాలంటే ఇంచుమించు రెండు వేల మాటలు. సరిగ్గా ఒక కథ నిడివి! కవిత వెళుతుంది, కథ ఆగుతుంది. సంపాదకులు చెప్పింది అక్షరాలా నిజం. ‘డిటెక్షన్‌ఓన్లీ’లో ఉన్నంతకాలం ఈ హద్దు ఎవరినీ ఆపదు కాబట్టి అంతవరకు ఇది బయటపడలేదు. దీనికి మందు ఆ సంఖ్యను పెంచడమే. పది లక్షల పైచిలుకు, 10,48,576 పెట్టుకుంటే నవలలో ఒక పెద్ద అధ్యాయం కూడా సాఫీగా వెళుతుంది.

నియమావళిలో కూడా మనకు సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. అందులో ‘పారనోయా లెవెల్’ అని నాలుగు మెట్లు ఉంటాయి. మొదటి మెట్టు మీద తెలుగు మామూలుగా వెళ్లిపోతుంది. ఎక్కువ భద్రత కదా అని మూడో మెట్టుకు ఎక్కించారనుకోండి. అక్కడ 920272 అనే నియమం ఇంగ్లీషు కీబోర్డు మీది అక్షరాలు తప్ప మిగిలిన వాటిని చెల్లని అక్షరాలుగా లెక్కిస్తుంది. పాఠకుడు తన పేరు తెలుగులో రాస్తే చాలు, దాడి చేసినట్టు రాసుకుంటుంది. నియమం రాసినవారి తప్పు ఏమీ లేదు, అది చాలా ఇరుకైన, అతి భద్రమైన చోట్ల కోసం ఉద్దేశించింది. మన పత్రికలకు, గ్రంథాలయాలకు, బడి వెబ్‌సైట్లకు మొదటి మెట్టు చాలు.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి, అసలు ఈ ప్రసంగానికి కారణం అదే. ఆ 413 ఎందుకొస్తోందో అర్థం కాకముందు, సంపాదకులు తొందరపడుతున్నారని, ఆ సైటు సెట్టింగులుండే అపాచీ వర్చువల్ హోస్ట్ ఫైలులో రచనలు పంపే పేజీ ఒక్కదానికి ‘సెక్‌రూల్‌ఇంజిన్ ఆఫ్’ అని రాశాను. రెండు రోజుల తర్వాత అసలు కారణం తెలిసింది, హద్దు పెంచాను. ఆ ‘ఆఫ్’ పంక్తిని తీయడం మరిచిపోయాను.

తర్వాత ఏడాదికి పత్రికవారు వెబ్‌సైటుకు బయటి సంస్థ కాపలా సేవ తీసుకున్నారు. ఇక మాడ్‌సెక్యూరిటీ అవసరం లేదని ఒక సాయంత్రం ‘సుడో ఆప్ట్ రిమూవ్’ కొట్టాను. తెర మీద పంక్తులు గబగబా దొర్లాయి. సైటు తెరిచి చూశాను, చక్కగా వచ్చింది. పని అయిపోయిందనుకున్నాను.

పదకొండు రోజుల తర్వాత లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు నవీకరణ వచ్చింది. తెల్లవారుజామున సర్వర్ రీబూట్ అయింది. ఆరు గంటలకు ఫోను. “బాబూ, పత్రిక తెరుచుకోవడం లేదే.” “ఇప్పుడే చూస్తానండీ” అని లేచాను. అపాచీ పడి ఉంది. కారణం లాగ్‌లో రాసి ఉంది. ‘సెక్‌రూల్‌ఇంజిన్’ అనే ఆదేశం చెల్లదని, అక్షర దోషమైనా అయి ఉండాలని, లేదా దాన్ని తెలిసిన మాడ్యూల్ సర్వర్‌లో లేకపోయి ఉండాలని. నేను రాసి మరిచిన ఆ పంక్తే. దాన్ని అర్థం చేసుకునే మాడ్యూల్ వెళ్లిపోయింది, దాన్ని ఉద్దేశించి రాసిన ఉత్తర్వు మిగిలిపోయింది. ఒక్క తెలియని మాట కనిపించినా అపాచీ మొత్తంగా లేవదు. ఆ సర్వర్‌లోనే ఉన్న మరో రెండు సైట్లూ పడిపోయాయి.

మరి పదకొండు రోజులు సైటు ఎలా నడిచింది? ప్యాకేజీ తీసేటప్పుడు, దాని వెంట ఉండే స్క్రిప్టు ముందు కాన్ఫిగరేషన్‌ను పరీక్షిస్తుంది. తప్పు ఉందని తెలిస్తే ‘మీ కాన్ఫిగరేషన్ సరిగా లేదు, అపాచీని తిరిగి ప్రారంభించడం లేదు’ అని ఒక పంక్తి రాసి ఊరుకుంటుంది. అది మంచికే, ఆ క్షణాన సైటు పడిపోకుండా కాపాడుతుంది. పాత అపాచీ, జ్ఞాపకంలో పాత మాడ్యూల్‌తో సహా, అలాగే నడుస్తూ ఉంటుంది. డిస్కు మీద ఫైలు పోయింది, మెమరీలో ప్రాణం మిగిలింది. ఆ పంక్తి నా కళ్ల ముందే దొర్లిపోయింది, నేను చదవలేదు. ఇందాక చేతులెత్తిన ముగ్గురిని ఈ రాత్రి చేయమంటున్న పని ఇదే. ముందు కాన్ఫిగ్‌టెస్ట్ కొట్టండి. అది సరిగా వస్తే, ఎవరూ సైటు చూడని వేళ ఒకసారి రీబూట్ చేయండి.

అందుకని తీసే వరుస నేను ఇప్పుడు ఇలా పాటిస్తున్నాను. ప్యాకేజీని ముట్టుకునే ముందు గ్రెప్ కమాండుతో ఈటీసీ కింద అపాచీ2 డైరెక్టరీ మొత్తం గాలిస్తాను, ‘సెక్’ అని మొదలయ్యే పంక్తుల కోసం. మాడ్‌సెక్యూరిటీ ఆదేశాలన్నీ ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలతోనే మొదలవుతాయి. నా చేత్తో రాసినవన్నీ అక్కడ బయటపడతాయి. వాటిని తీసేస్తాను. ఏదైనా ఉంచక తప్పదనుకుంటే ‘ఇఫ్‌మాడ్యూల్ సెక్యూరిటీ2_మాడ్యూల్’ అనే గుర్తుల మధ్య పెడతాను. మాడ్యూల్ ఉంటేనే చదువు, లేకపోతే దాటిపో అని దాని అర్థం. అసలు రాసే రోజునే అలా రాసుకుంటే తీసే రోజు ఈ వెతుకులాటే ఉండదు.

తర్వాత ప్యాకేజీని తీయకుండా, ‘సుడో ఏ2డిస్‌మాడ్ సెక్యూరిటీ2’తో మాడ్యూల్‌ను విడదీస్తాను. కాన్ఫిగ్‌టెస్ట్, రీస్టార్ట్. రెండు మూడు రోజులు చూస్తాను. ఏదైనా తేడా వస్తే ‘ఏ2ఎన్‌మాడ్’, రీస్టార్ట్, అంతే. ఈ మధ్య మెట్టు ఉండటం వల్ల వెనక్కి రావడం సులువు.

అన్నీ బాగుంటే అప్పుడు ఆప్ట్. ముందు ‘ఆప్ట్-గెట్’కు ‘హైఫన్ ఎస్’ జోడించి కొడతాను. అది నిజంగా తీయదు, తీస్తే ఏమేమి పోతాయో జాబితా చూపిస్తుంది. తర్వాత అసలు పని. ఇక్కడ ‘రిమూవ్’, ‘పర్జ్’ అని రెండు మాటలున్నాయి. రిమూవ్ ప్రోగ్రామును తీసి సెట్టింగుల ఫైళ్లను వదిలేస్తుంది. ‘డీప్యాకేజీ హైఫన్ చిన్న ఎల్’ కొట్టి చూస్తే ఆ ప్యాకేజీ పక్కన ‘ఆర్‌సీ’ అని కనిపిస్తుంది. మనిషి వెళ్లాడు, సామాను ఉంది అన్నట్టు. మళ్లీ పెట్టే ఉద్దేశం ఉంటే అదే మంచిది. పూర్తిగా వదిలించుకోవాలంటే పర్జ్. వెంట వచ్చిన నియమావళి ప్యాకేజీ ‘ఆప్ట్ ఆటోరిమూవ్’తో పోతుంది, కానీ ‘వై’ నొక్కే ముందు జాబితా చదవండి. ఇంకెన్నో నెలల నాటి అనాథ ప్యాకేజీలు కూడా అందులో ఉంటాయి, వాటిలో ఏదో ఒకటి మీరు చేత్తో నడుపుతున్న ప్రోగ్రాముకు ఆధారం కావచ్చు.

పర్జ్ కూడా తనకు తెలిసిన ఫైళ్లనే తీస్తుంది. మీరు నకలు తీసి పేరు మార్చిన ఫైలు ప్యాకేజీ జాబితాలో లేదు. అలాంటి చోట ‘డైరెక్టరీ ఖాళీగా లేదు కాబట్టి తొలగించలేదు’ అని ఒక హెచ్చరిక వస్తుంది. అది తప్పు కాదు, మీ సామాను మీరే చూసుకోమని చెప్పడం.

నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది లాగ్ ఫైలు. ‘మాడ్‌సెక్ ఆడిట్ లాగ్’ అపాచీ లాగ్‌ల డైరెక్టరీలో ఉంటుంది, మాడ్యూల్ పోయినా అది పోదు. అందులో ఏముందో ఎప్పుడైనా తెరిచి చూశారా? ఏదైనా నియమానికి తగిలిన అభ్యర్థనలో ఫారం పాఠం మొత్తం అందులో ఉండవచ్చు. ఒక పాఠకురాలు తన పాస్‌వర్డులో కొటేషన్ గుర్తులు, సమాన గుర్తులు కలిపి పెట్టుకుంటే, అది దాడిలా కనిపించి, ఆమె పాస్‌వర్డు మామూలు అక్షరాల్లో ఆ లాగ్‌లో పడి ఉంటుంది. ఫోను నంబర్లు, చిరునామాలు కూడా. మనల్ని నమ్మి ఫారం నింపినవారి వివరాలు అవి. కాపలా తీసేశాక ఆ లాగ్ అవసరమేమీ లేదు. ఆ లాగ్‌ను, సర్వర్ విడదీసి ఉంచిన దాని పాత భాగాలను, గ్జిప్‌తో కుదించి దాచినవాటితో సహా తొలగించండి. బ్యాకప్‌లలోనూ వెతకండి.

సోర్స్ నుంచి సొంతంగా కంపైల్ చేసి పెట్టినవారికి ఒకే మాట. కంపైల్ చేసిన డైరెక్టరీని పారేయకండి. ఆప్ట్‌కు మీ పని తెలియదు, అది తీయలేదు. రెడ్ హ్యాట్ కుటుంబం సర్వర్లలో కమాండు ‘డీఎన్‌ఎఫ్’, ప్యాకేజీ పేరు ‘మాడ్_సెక్యూరిటీ’. మీరు మార్చిన సెట్టింగుల ఫైళ్లను అది తీసేయకుండా ‘ఆర్‌పీఎంసేవ్’ అనే తోకతో దాచి ఉంచుతుంది. మిగిలిన ఆలోచనా విధానమంతా ఇదే.

ప్రశ్నలు అడగండి.

(సభ నుంచి ప్రశ్న: సార్, ఒక్క పేజీలో ఇబ్బంది వచ్చినప్పుడు మొత్తం తీసేయడమే సులువు కదా?)

అమ్మా, ఆ ఆలోచన నాకూ వచ్చింది, అందుకే ఆ ‘ఆఫ్’ పంక్తి రాశాను. లాగ్‌లో ఏ నియమం అడ్డుపడిందో సంఖ్య ఉంటుంది. అక్కడ 949110 కనిపిస్తే దాన్ని పట్టుకోకండి. అది మిగతా నియమాలు అనుమానం కొద్దీ వేసిన మార్కులు కూడి తీర్పు చెప్పే నియమం మాత్రమే. మామూలుగా అయిదు మార్కులు రాగానే ఆపుతుంది. దాని పైన ఎవరు మార్కులు వేశారో చూడండి, ఉదాహరణకు 942100. ఆ ఒక్క నియమాన్ని, వీలైతే ఆ ఒక్క గడికే మినహాయించండి. ఇలాంటి మినహాయింపులకు నియమావళి ప్యాకేజీలోనే 900తో ఒకటి, 999తో ఒకటి ప్రత్యేక ఫైళ్లున్నాయి. మీ రాతలన్నీ అక్కడే ఉంటే, తీసే రోజున ఎక్కడ వెతకాలో కూడా మీకు తెలుస్తుంది.

(మరో ప్రశ్న: అన్నీ తీసేశామని ఎలా తెలుసుకోవాలి?)

మొదట్లో నోటుబుక్కులో రాసుకోమన్న కర్ల్ పంక్తి ఉంది కదా. రీబూట్ తర్వాత దాన్నే మళ్లీ కొట్టండి. ఆ రోజు 403 వచ్చింది. ఈ రోజు మీ పేజీ 200తో, అంటే ‘అంతా సరే’ అనే జవాబుతో వస్తుంది. బయటి కాపలా పెట్టుకున్నవారు సర్వర్ లోపలి నుంచే, లోకల్‌హోస్ట్ చిరునామాతో అడగండి. లేకపోతే జవాబు చెప్పేది మీ సర్వర్ కాదు, వాళ్ల కాపలా. 200 కళ్లారా చూశాక ఆ పంక్తి పక్కన తేదీ వేయండి.